కమిటీకీ ఆఫీసుకీ మధ్య హాయిగా: కొత్త హెచ్ఎంలకు చిట్కాలు

ప్రమోషన్ మీద హెచ్ఎం అయ్యారా? శుభాకాంక్షలు. జాయినైన రోజే మీ టేబుల్ మీదికి రెండు కట్టలు వస్తాయి. ఒకటి ఎంఈవో ఆఫీసు సర్క్యులర్ల ఫైలు, రెండోది తల్లిదండ్రుల కమిటీ మినిట్స్ బుక్కు. ఈ రెండూ చూడగానే కొత్తవాళ్లు ఇద్దరు యజమానులకు జవాబు చెప్పుకోవాలేమోనని బెంగ పెట్టుకుంటారు. ఆ బెంగ వద్దు. అడిగేవాళ్లు ఇద్దరున్న చోట ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క సంగతి ఒంటబట్టించుకోండి, రిటైరయ్యేదాకా మీకు బీపీ బిళ్లలతో పనుండదు.

ముందు చట్టం చదవండి. చట్టం తెలియనివాడు దొరికిపోతాడు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడికీ, ఎయిడెడ్ బడికీ యాజమాన్య కమిటీ ఉండి తీరాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయిందో ఆరా తీయడం వాళ్ల పని. టీచరు నియామకం, బదిలీ, సస్పెన్షన్, జీతం మాత్రం వాళ్ల చేతిలో లేవు. అవన్నీ డీఈవో దగ్గరా, ఆ పైనా ఉంటాయి. అంటే కమిటీ రోజూ చూస్తుంది గానీ ఏమీ చేయలేదు. ఆఫీసు ఏమైనా చేయగలదు గానీ చూడదు. మీరు కాపురం పెట్టాల్సింది సరిగ్గా ఈ సందులోనే.

1. ఎన్నిక దగ్గరే పని ముగించండి.

ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులు సభ్యులుగా ఎన్నికవుతారు. అయిదో తరగతి దాకా ఉన్న బడిలో పదిహేను మంది అన్నమాట. పదవీకాలం రెండేళ్లు. 2024లో ఈ ఎన్నికలు ఆగస్టులో జరిగాయి. ఆగస్టు అంటే నాట్ల కాలం. కూలి మానుకుని బడికి ఎవరొస్తారు? కాలమే మీ పక్షాన ఉన్నప్పుడు దాన్ని వాడుకోండి. నోటీసు అంటించాలన్న నిబంధన ఉంది కాబట్టి అంటించండి. ఆఫీసు గది తలుపుకు, లోపలి వైపు. తలుపు తీసి ఉంచితే అది గోడకు ఆనుకుపోతుంది. దండోరా వేయించకండి, పిల్లల చేత చీటీలు పంపకండి.

కోరం చాలకపోతే కంగారు పడకండి. హాజరు పట్టీ ఇచ్చి పెద్ద తరగతి పిల్లల్ని ఇళ్ల మీదికి పంపండి. సాయంత్రానికి సంతకాలు నిండుతాయి. దేనికి అని అడిగే తల్లి ఉండదు. మాస్టారు అడిగారంటే చాలు.

చైర్‌పర్సన్ ఎంపిక మీద మాత్రం మనసు పెట్టండి, ఎందుకంటే రాబోయే రెండేళ్ల మీ సుఖం దీనిమీదే ఆధారపడి ఉంది. పొద్దున్నే కూలి ఆటో ఎక్కి చీకటిపడ్డాక దిగే తల్లి అన్నిటికన్నా శ్రేష్ఠం. ఆవిడకు తెలివి లేదని కాదు, తీరిక లేదని. ఓచరు మీదో తీర్మానం మీదో సంతకం కావాలంటే రాత్రి ఎనిమిదింటికి వాళ్లింటికి వెళ్లండి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది, చంకలో చంటిది ఏడుస్తుంటుంది. ఏ కాగితమో ఆవిడ చూడదు. డిగ్రీ చదివి ఊళ్లోకి కాపురానికి వచ్చిన కోడలిని మాత్రం దరిదాపులకు రానివ్వకండి. ఆవిడ క్యాష్ బుక్కు అడుగుతుంది.

2. మినిట్స్ బుక్కును మీ బీరువాలో పెట్టుకోండి.

కమిటీకి సభ్య కన్వీనర్ మీరే. సమావేశం పిలిచేది మీరే, ఎజెండా రాసేది మీరే, చర్చ ఏం జరిగిందో పుస్తకంలోకి ఎక్కించేదీ మీరే. ఇంత అధికారం డీఈవోకు కూడా లేదు. కేంద్రం నమూనా నిబంధనల్లో నెలకోసారైనా కమిటీ కూర్చోవాలనీ, తీర్మానాలు జనానికి అందుబాటులో ఉంచాలనీ ఉంది. పాటించడం తేలిక. ఒకే పూట కూర్చుని ఏడాది సమావేశాలన్నీ రాసేయండి. నీలం పెన్ను ఒకటి, నల్ల పెన్ను ఒకటి, జెల్ పెన్ను ఒకటి దగ్గర పెట్టుకోండి. జూలై సమావేశానికి ఒకటి, ఆగస్టుకు ఇంకొకటి. తీర్మానానికీ సంతకాలకీ నడుమ నాలుగు గీతలు ఖాళీ వదలండి. రేపు ఆడిట్‌లో ఏ ఖర్చు గురించి అడుగుతారో ఇవాళ తెలియదు కదా.

రాయడానికి ఒక్క వాక్యం కంఠతా పట్టండి: "సదరు విషయం కమిటీ కూలంకషంగా చర్చించి, తగు చర్య నిమిత్తం పై అధికారులకు నివేదించుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." పెచ్చులూడే స్లాబుకూ, పురుగుపట్టిన బియ్యానికీ, రాని టీచరుకూ ఈ వాక్యమే పనికొస్తుంది.

3. ప్రతి పనినీ ఒక చుట్టు తిప్పండి.

ఈ చిట్కా బాగా అర్థం కావాలి కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను. బోరు మోటారు కాలిపోయిందనుకోండి. బాత్రూముల్లో నీళ్లు లేవు. ఒక తల్లి బడికొచ్చి, "మాస్టారూ, మా పిల్ల పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా తాగకుండా ఉంటోందండీ, బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని" అంటుంది. మీరు కుర్చీ చూపించండి. మర్యాదకు లోటు చేయకండి. "నిజమేనమ్మా, నాకూ బాధగానే ఉంది. కానీ మోటారు బాగుచేయించే అధికారం నాకు లేదు, కమిటీ తీర్మానం చేయాలి" అనండి. కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది. నెల గడిచింది.

తీర్మానం అయ్యాక దాన్ని ఎంఈవో గారికి త్రూ ప్రాపర్ చానల్ పంపండి. ఆంధ్రప్రదేశ్‌లో మండలానికి ఇద్దరు ఎంఈవోలు ఉండటం మీ అదృష్టం. ఒకరికి అసలు కాపీ, ఇంకొకరికి నకలు. రెండోవారు చూస్తారులే అని మొదటివారూ, మొదటివారికి వెళ్లిందిగా అని రెండోవారూ అనుకుంటారు. ఇద్దరిలో ఒకరు కదిలినా అంచనా కావాలంటారు. అంచనా ఇంజినీరు వేయాలి. సమగ్ర శిక్ష ఇంజినీరు వేయాలా, పంచాయతీరాజ్ ఏఈ వేయాలా, నీటి సంగతి కాబట్టి ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్లు వేయాలా అని ఒక ఉత్తరం రాయండి. ఈ ప్రశ్నకు జవాబు రావడానికి ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. చివరికి ఏఈ వచ్చి చూసి, "ఇంత చిన్న రిపేరుకు అంచనా ఎందుకండీ, మీ స్కూల్ గ్రాంటులో పెట్టేసుకోండి" అంటాడు. గ్రాంటు ఖర్చుకు కమిటీ తీర్మానం కావాలి. కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది.

చూశారుగా, మోటారు బయల్దేరిన చోటికే వచ్చింది. అందరూ తమ పని తాము చేశారు, అందరి దగ్గరా కాగితం ఉంది. పామూ చావలేదు, కర్రా విరగలేదు. ఈలోగా ఏడో తరగతి ఆడపిల్లలు ఇంటర్వెల్‌లో ఇళ్లకు వెళ్లడం మొదలుపెడతారు. వెళ్లనివ్వండి. వాళ్లలో కొందరు మధ్యాహ్నం తిరిగి రారు. తరగతి తేలికవుతుంది, దిద్దాల్సిన నోటుబుక్కులు తగ్గుతాయి. ఆ పిల్లల హాజరు మాత్రం వేసేయండి.

పంచాయతీని కూడా కలుపుకుంటే చుట్టు ఇంకా పెద్దదవుతుంది. ఊరి ట్యాంకు నుంచి బడికి లైను వేయడం సర్పంచి పని కదా అని కమిటీ సమావేశంలో ఒక మాట వదలండి చాలు. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

4. గ్రాంటును మార్చి దాకా ముట్టుకోకండి.

సమగ్ర శిక్ష కింద కాంపోజిట్ గ్రాంటు పిల్లల లెక్కన వస్తుంది. 30 మంది దాకా ఉంటే 10,000, వంద దాకా 25,000, 250 దాకా 50,000, వెయ్యి దాకా 75,000, ఆపైన లక్ష. కనీసం పది శాతం పారిశుద్ధ్యానికి పెట్టాలి. ఇది కాగితం మీది మాట. డబ్బు విడతల్లో, ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే మీ ఆస్తి. మొదటి ఆర్నెల్లు "ఇంకా రాలేదమ్మా" అనండి. తర్వాత రెండు నెలలు "వచ్చింది గానీ గైడ్‌లైన్స్ రాలేదు" అనండి.

వెనకటికి బ్యాంకులో కమిటీ పేరున ఖాతా ఉండేది, చైర్‌పర్సన్ సంతకమూ హెచ్ఎం సంతకమూ పడితే డబ్బు చేతికొచ్చేది. 2021 నుంచి పద్ధతి మారింది. డబ్బు రాష్ట్రస్థాయిలో ఒకే నోడల్ ఖాతాలో ఉంటుంది, బడికి జీరో బ్యాలెన్స్ ఖాతా, దాని మీద ఇంత వాడుకోవచ్చని ఒక లిమిట్. ఈ మార్పును గుండెకు హత్తుకోండి. కమిటీ వాళ్లు పాస్‌బుక్ తెమ్మంటే తీసుకెళ్లి చూపించండి. అందులో సున్నా ఉంటుంది. మీరు అబద్ధం ఆడలేదు. లిమిట్ సంగతి వాళ్లు అడగలేదు, మీరు చెప్పలేదు.

మార్చి చివరి వారంలో ఆఫీసు నుంచి ఖర్చుపెట్టండంటూ వాట్సాప్‌లో హోరెత్తిస్తారు. అప్పుడు రెండు దారులు. సోమరితనం మీద నిజమైన గౌరవం ఉన్నవాళ్లు మార్చి 31 దాటనిచ్చి లిమిట్‌ను వెనక్కి పోనిస్తారు. చురుకైనవాళ్లు ఫ్లెక్సీలు, రిజిస్టర్లు, ఫినాయిలు అని ఓచర్లు సర్దేస్తారు. ఫినాయిల్‌కు ఎంతైనా రాయవచ్చు. అది కడిగేశాక మిగిలి ఉండదు, ఏ ఆడిటరూ కొలవలేడు. యుటిలైజేషన్ సర్టిఫికెట్ మాత్రం గడువుకు ముందే పంపండి. యూసీ వేళకు పంపే హెచ్ఎంను మండలంలో అందరూ మెచ్చుకుంటారు, బడికి వచ్చి చూసేవాళ్లు తక్కువ.

కమిటీల చేతిలో గట్టిగా డబ్బు ఆడిన కాలం ఒకటుండేది, బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం కాలం. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైంది, పనులన్నీ తల్లిదండ్రుల కమిటీల పేరునే. ఇంజినీరు కొలతల పుస్తకం రాసేవాడు, కమిటీ తీర్మానించేది, హెచ్ఎం బిల్లు పెట్టేవాడు. రెండో విడత గదులు సగంలో ఆగిపోయిన బడి మీకు వచ్చిందంటే అదృష్టవంతులు. పైకప్పు లేని ఆ మొండిగోడల గురించి ఎవరడిగినా "అది పాత కమిటీ హయాం" అని చెప్పవచ్చు. పాత కమిటీని అడిగితే "అది ఆఫీసు వాళ్లు ఆపేశారు" అంటారు. ఆఫీసును అడిగితే ప్రభుత్వం మారిందంటారు. మీరు ఏమీ చేయకుండానే చుట్టు పూర్తయింది.

5. మూడు మాటలు నాలుక మీద ఉంచుకోండి.

ఎంఈవో గారు వస్తే: "కమిటీ ఒప్పుకోవడం లేదు సార్." కమిటీ వస్తే: "పైనుంచి ఆర్డరు లేదమ్మా." ఇద్దరూ కలిసి వస్తే: "సైట్ ఓపెన్ కావడం లేదు." ఎవరూ రాకపోతే ఏ మాటా అక్కర్లేదు.

6. రాని టీచరును కాపాడండి.

24వ సెక్షన్ ప్రకారం టీచరు రోజూ వేళకు రావాలి. రాకపోతే కమిటీ చూసి చెప్పవచ్చు, చర్య మాత్రం అధికారులే తీసుకోవాలి. కాబట్టి కమిటీ చెప్పేది పై అధికారి దాకా చేరకుండా చూడటమే మీ పని. ఎవరైనా ఫిర్యాదు తెస్తే కోప్పడకండి. తెల్లకాగితం, పెన్ను ముందుకు జరిపి, "తప్పకుండా చర్య తీసుకుందాం, రాతపూర్వకంగా ఇవ్వండి. మీ పేరు, మీ పిల్లవాడి పేరు, తరగతి కూడా రాయండి" అనండి. తండ్రి ఆ కాగితం వంక చూస్తాడు. అదే టీచరు దగ్గర తన కొడుకు ఇంకో మూడేళ్లు చదవాలన్న సంగతి అతనికి గుర్తొస్తుంది. పెన్ను కింద పెట్టేస్తాడు. టీ ఇప్పించి పంపండి.

ఎవడైనా మొండివాడు రాసే ఇస్తే, చట్టంలో 32వ సెక్షన్ చూపించండి. బాలల హక్కులకు సంబంధించిన ఫిర్యాదు స్థానిక అధికార సంస్థకు ఇవ్వాలి, అది మూడు నెలల్లో తేల్చాలి అని అందులో ఉంది. స్థానిక అధికార సంస్థ అంటే పంచాయతీయా, మండల పరిషత్తా, జిల్లా పరిషత్తా, ఎంఈవోనా? మీరు చెప్పకండి. అతన్నే తెలుసుకోమనండి. బడి బోర్డు మీద మండల పరిషత్ పాఠశాల అని ఉంటుంది, జీతాల బిల్లులు విద్యాశాఖ నుంచి కదులుతాయి. ఆ బోర్డు చూసి అతను మండల పరిషత్‌కు వెళ్తాడు, వాళ్లు ఎంఈవో దగ్గరికి పంపుతారు, ఎంఈవో కమిటీలో పెట్టమంటారు. మూడో రోజు కూలి పోగొట్టుకున్నాక మళ్లీ రాడు.

7. చైర్‌పర్సన్ పదవికి రెండు పార్టీలు పోటీపడితే అడ్డు రాకండి. గెలిచినవాళ్లు ఓడినవాళ్లతో మాట్లాడరు, ఓడినవాళ్లు సమావేశానికి రారు. కోరం ఉండదు. రెండేళ్లు గడిచిపోతాయి.

8. మూడేళ్ల ప్రణాళికను పక్క బడి నుంచి తెచ్చుకోండి.

కమిటీ మూడేళ్ల అభివృద్ధి ప్రణాళిక రాయాలి, అందులో ఏడాదికొక ఉపప్రణాళిక ఉండాలి. ఏ తరగతిలో ఎంతమంది, ఇంకా ఎందరు టీచర్లు కావాలి, ఎన్ని గదులు కావాలి అని లెక్కలు కట్టాలి. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మాట్లాడితే వాళ్లకు బడిలో లేనివన్నీ కనిపిస్తాయి, ఆపైన అడగడం అలవాటవుతుంది. ఆ అలవాటు మీ ఆరోగ్యానికి మంచిది కాదు. స్కూల్ కాంప్లెక్సు మీటింగులో పక్క హెచ్ఎం దగ్గర పెన్ డ్రైవ్ అడగండి, బడి పేరు మార్చండి, ప్రింటు తీయండి. ప్రహరీ గోడ ఉన్న మీ బడికి అందులో మళ్లీ ప్రహరీ గోడ అడిగి ఉంటుంది. ఫర్వాలేదు. పైన చదివేవాళ్లు లేరు.

9. మెగా పేరెంట్ మీటింగ్ రోజు మాత్రం కష్టపడండి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేసారి జరిగింది, మళ్లీ 2025 జూలై 10న. ఆ ఒక్క రోజు కమిటీనీ ఆఫీసునీ ఒకే ఫోటోలో నిలబెట్టాలి. ముగ్గులు వేయించండి, తల్లులకు తాడులాగుడు ఆటలు పెట్టించండి, భోజనం బాగా వడ్డించండి. ఆటలు అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది, ప్రోగ్రెస్ కార్డుల గురించి మాట్లాడే టైము ఉండదు. మోటారు సంగతి ఎత్తబోయిన తల్లికి మొదటి బహుమతి ఇచ్చేయండి.

10. తెలంగాణ మిత్రులు నిరాశపడకండి.

అక్కడ 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఊళ్లలో గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెచ్ఎం మెంబర్ కన్వీనర్. అంటే పుస్తకం మీ బీరువాలోనే ఉంది. పైగా చైర్‌పర్సన్ గారి మీద పొదుపు సంఘాల పని, బ్యాంకు లింకేజీ పని, ధాన్యం కొనుగోలు కేంద్రం పని అప్పటికే ఉంటాయి. మేము ఆంధ్రాలో వెతికి వెతికి పట్టుకునే తీరిక లేని మనిషిని మీకు నియమాలే ఇచ్చాయి. పేర్లు మారడం గురించి అసలు దిగులొద్దు. ఉమ్మడి రాష్ట్రం 1998లోనే బడుల్లో ప్రజల భాగస్వామ్యానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసి కమిటీలు పెట్టింది. ఆ కమిటీలు పోయాయి, ఇవి వచ్చాయి, ఇంకోటి వస్తుంది. ప్రతిసారీ పాత లెక్కలు పాతవాళ్లతోనే పోతాయి.

11. పిల్లలు తగ్గడం మొదలైతే బెదరకండి. అది ఫలితం కనబడుతున్న సూచన.

మొదట డబ్బున్నవాళ్ల పిల్లలు పసుపు బస్సు ఎక్కుతారు. తర్వాత అప్పు చేయగలిగినవాళ్ల పిల్లలు. ఆ డిగ్రీ చదివిన కోడలు తన కొడుకుని ఎప్పుడో తీసుకెళ్లిపోయి ఉంటుంది. పిల్లవాడు వెళ్లిపోతే తల్లికి కమిటీలో చోటుండదు కనుక, అడిగేవాళ్లు ముందుగా పోతారు, అడగలేనివాళ్లు మిగులుతారు. కమిటీ తనంతట తానే మెత్తబడుతుంది. పిల్లల లెక్క తగ్గితే గ్రాంటు తగ్గుతుంది, గ్రాంటు తగ్గితే ఓచర్లు తగ్గుతాయి. టీచరు పోస్టు ఒకటి ఎగిరిపోతుంది. ఆ పోస్టు ఎందుకు పోయిందని కమిటీ అడిగితే రేషనలైజేషన్ అంటుంది ఆఫీసు. పిల్లలు ఎందుకు పోయారని ఆఫీసు అడిగితే తల్లిదండ్రులకు ఇంగ్లీషు మోజండీ అనండి. ఇద్దరూ నమ్ముతారు.

మిగిలేది ఎస్సీ కాలనీ పిల్లలూ, వలస కూలీల పిల్లలూ. వాళ్ల కోసం బడి నిలబడాలని ఎవరైనా యువకుడు సంతకాలు సేకరిస్తే మీరూ ఒక సంతకం పెట్టండి. దాన్ని త్రూ ప్రాపర్ చానల్ పంపిస్తానని తీసుకోండి.

ఆఖరి పిల్లవాడు టీసీ తీసుకున్నాక బడి జీరో ఎన్‌రోల్‌మెంట్ జాబితాలోకి ఎక్కుతుంది. ఇక సమావేశాలు లేవు, కోరం లేదు, మోటారు లేదు. రికార్డులు కాంప్లెక్సు స్కూలుకు అప్పజెప్పి రసీదు తీసుకోండి, మినిట్స్ బుక్కు కూడా జాబితాలో రాయించండి. అది మీ నిర్దోషిత్వానికి సాక్ష్యం. ప్రతి పేజీలోనూ కమిటీ ఏకగ్రీవంగా పై అధికారులకు నివేదించే ఉంది. పోస్టు పోయినవాళ్లకు బదిలీల్లో అదనపు పాయింట్లుంటాయి కాబట్టి వెబ్ ఆప్షన్లు తెరుచుకున్న రోజునే కూర్చోండి. మొదటి ఆప్షన్ టౌనుకు దగ్గర్లో, మెయిన్ రోడ్డు పక్కన, పిల్లలు నిండుగా ఉన్న బడి పెట్టండి. పెట్టేముందు అక్కడి కమిటీ పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో ఫోన్ చేసి కనుక్కోండి. ఎన్నిక మీ చేతుల మీదుగా జరిగేలా జాయినింగ్ తేదీ చూసుకోండి.